కాయిల్ కడిగితే కొత్తదవుతుందా?

* వేపింగ్ పరికరాల్లో 'వాడి పారేసే' పద్ధతికి బ్రిటన్ అడ్డుకట్ట
* దాచుకోవలసింది బ్యాటరీ.. దాచుకుంటున్నది జానెడైనా లేని తీగ
* అక్కడ అలవాటు.. ఇక్కడ నేరం

ఒకసారి వాడి పారేసే వేపింగ్ పరికరాల విక్రయాన్ని బ్రిటన్ 2025 జూన్ 1 నుంచి నిషేధించింది. పరికరాన్ని తిరిగి చార్జింగు చేసుకునే వీలుండాలి, ద్రవం తిరిగి నింపుకునే వీలుండాలి, అందులోని కాయిల్‌ను సామాన్య వినియోగదారుడు విడిగా కొని మార్చుకునే వీలుండాలి. ఈ షరతుల్లో ఏ ఒక్కటి లోపించినా దుకాణంలో అమ్మరాదన్నది నిబంధన సారాంశం. దీంతో అంతవరకు కొద్దిమంది అభిరుచిపరులకే పరిమితమైన ఒక వ్యాపకం మళ్లీ చర్చకు వచ్చింది. వేడెక్కే తీగను ఇంట్లోనే చుట్టుకోవడం, మాడిపోయిన తీగను కాల్చి, కడిగి మళ్లీ వాడుకోవడం ఆ వ్యాపకం. ఇది ఎంతవరకు పొదుపు, ఎంతవరకు క్షేమం అన్న ప్రశ్నలకు జవాబు కొంత చిక్కుగానే ఉంది.

ఎక్కడో బ్రిటన్‌లోని సంగతి మన జిల్లా పుటలో ఎందుకని పాఠకులు అడగవచ్చు. గుంటూరు, ప్రకాశం మొదలుకొని కరీంనగర్, నల్గొండ వరకు పైచదువులకు లండన్, బర్మింగ్‌హామ్, మాంచెస్టర్ వెళ్లిన పిల్లలు లేని మండలం అరుదు. అక్కడ వేపింగ్ పరికరం దుకాణంలో బాహాటంగా దొరికే వస్తువు. పద్దెనిమిదేళ్లు నిండినవారు ఎవరైనా కొనవచ్చు. ఇక్కడ మాత్రం అది 2019 నుంచి పూర్తిగా నిషిద్ధం. రెండు దేశాల చట్టాల మధ్య రాకపోకలు సాగించే కుటుంబాలకు ఈ విషయం తెలిసి ఉండటం అవసరం. పైగా పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం గుంటూరులో ఉంది. నికోటిన్ కథ ఏ దేశంలో మలుపు తిరిగినా మన పొలాలకు బొత్తిగా సంబంధం లేదని అనలేం.

కాయిల్ అంటే..

హాస్టలు గదుల్లో దొంగచాటుగా అన్నం వండుకున్న తరానికి కరెంటు పొయ్యి కాయిల్ కొత్త కాదు. మట్టి పలకపై గాడుల్లో చుట్టలుగా అమర్చిన తీగ ఎర్రగా కాలేది. తెగితే రెండు కొనలు మెలిపెట్టి మళ్లీ వాడేవారు. వేపింగ్ పరికరంలో ఉన్నదీ అదే సూత్రం, పరిమాణమే చిన్నది. మూడు మిల్లీమీటర్ల వెడల్పున అయిదారు చుట్లు తిప్పిన తీగ, దాని బొందులోంచి దూర్చిన దూది వత్తి, వత్తి పీల్చుకునే ద్రవం, తీగకు కరెంటు ఇచ్చే బ్యాటరీ. ద్రవంలో ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిసరిన్, నికోటిన్, రుచి కోసం పరిమళాలు ఉంటాయి. తీగ వేడెక్కగానే వత్తిలోని ద్రవం ఆవిరవుతుంది. ఆధునిక ఈ-సిగరెట్‌ను చైనాకు చెందిన ఔషధ నిపుణుడు హోన్ లిక్ 2003లో రూపొందించారు. నేడు ఈ పరికరాల్లో అత్యధికం షెన్‌జెన్ నగర పరిసరాల్లోనే తయారవుతున్నాయి.

వీటిలో మూడు తరగతులు ఉన్నాయి. మొదటిది, అయిపోగానే పారేసేది. బ్రిటన్ నిషేధించింది దీనినే. రెండోది, కంపెనీ చేసిన కాయిల్‌ను దూదితో సహా ఒక చిన్న గొట్టంలో బిగించి అమ్మేది. మాడితే ఆ గొట్టాన్ని మార్చుకోవాలి. మూడోది, చిన్న వేదిక, రెండు స్తంభాలు, మరలు మాత్రమే ఉండి తీగను, దూదిని వినియోగదారుడే అమర్చుకోవలసినది. కాయిల్ శుభ్రం చేసి తిరిగి వాడటమనే మాటకు నిజమైన అర్థం ఉన్నది ఈ మూడో తరగతిలోనే. రెండో తరగతి గొట్టాలను వేడినీళ్లలోనో, స్పిరిట్‌లోనో నానబెట్టి ఆరబెట్టేవారు ఉన్నారు. లోపలి దూది ఒకసారి కమిలిన తరువాత ఎంత నానబెట్టినా ఫలితం ఉండదు. రెండు రోజులు వాడగానే కమురు వాసన మళ్లీ మొదలవుతుంది.

అడుగంటేది చక్కెరే

కాయిల్‌పై నల్లటి పొర ఎందుకు పేరుకుంటుంది? పాయసం అడుగంటడానికి కారణమైనదే ఇక్కడా కారణం. తియ్యదనం కోసం ద్రవంలో కలిపే సుక్రలోజ్ వంటి పదార్థాలు పూర్తిగా ఆవిరి కావు. వేడికి పాకమై, ఆపై మాడై తీగను అంటుకుంటాయి. ముదురు రంగు ద్రవాలు, మిఠాయి, పండ్ల రుచులు వాడేవారి కాయిళ్లు కొద్ది రోజులకే నల్లబడతాయి. తీపి కలపని ద్రవమైతే అదే తీగ వారాల తరబడి నిలుస్తుంది. గ్లిసరిన్ పాలు ఎక్కువై ద్రవం చిక్కగా ఉన్నప్పుడు వత్తికి తడి చాలక తీగ మరింత వేడెక్కుతుంది. మాడు పెరిగిన కొద్దీ వేడి సరిగా అందక ఆవిరి తగ్గుతుంది. వినియోగదారుడు బటన్‌ను మరింత సేపు నొక్కుతాడు, మాడు ఇంకా పెరుగుతుంది.

ఇది రుచికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. గ్లిసరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ అతిగా వేడెక్కితే విచ్ఛిన్నమై ఫార్మాల్డిహైడ్, అసిటాల్డిహైడ్, ఆక్రోలిన్ అనే హానికర పదార్థాలు పుడతాయి. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల 2016లో వెలువరించిన అధ్యయనంలో, ఒకే పరికరాన్ని శుభ్రం చేయకుండా పదేపదే వాడగా ఈ పదార్థాల విడుదల పెరిగినట్లు తేలింది. మాడిన పొర అలాగే ఉండనివ్వడం మంచిది కాదనడానికి ఇది బలమైన ఆధారం. శుభ్రం చేయాలనేవారి వాదనకు ఇంతవరకు శాస్త్రం తోడుంది.

ఎర్రగా కాల్చడంలో తిరకాసు

చిక్కు మొదలయ్యేది శుభ్రం చేసే పద్ధతి వద్ద. అభిరుచిపరుల్లో వాడుకలో ఉన్న విధానం ఇది. పాత దూదిని పూర్తిగా లాగివేస్తారు. ఖాళీ తీగకు తక్కువ శక్తితో క్షణకాలం చొప్పున కరెంటు ఇస్తారు. తీగ ఎర్రబారి, అంటిన మాడు కాలి బూడిదవుతుంది. చల్లారిన తరువాత సన్నని బ్రష్‌తో తోమి, వేదికను బ్యాటరీ నుంచి విడదీసి, నీటిలో కడిగి ఆరబెడతారు. కొందరు నగల దుకాణాల్లో వాడే ధ్వని తరంగాల తొట్టెలో వేస్తారు. చివరగా మళ్లీ ఒకసారి వెలిగించి, ఎరుపు నడిమి నుంచి రెండు పక్కలకు సమంగా పాకుతున్నదా అని చూసి కొత్త దూది ఎక్కిస్తారు. ఒక చుట్టు ముందే ఎర్రబడితే అక్కడ ఏదో తేడా ఉన్నట్లు.

చూడటానికి కుంపట్లో గరిటె కాల్చి తోమినట్లే ఉంటుంది. కానీ తడి వత్తి ఉన్నప్పుడు తీగ సాధారణంగా 200 నుంచి 250 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో పనిచేస్తుంది. వత్తి లేకుండా ఎర్రబారినప్పుడు ఆ వేడి 700 డిగ్రీలు దాటుతుంది. అంత వేడిని ఏ లోహం ఎలా తట్టుకుంటుందన్నది తీగను బట్టి మారుతుంది. ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిసిన కాంథాల్ తీగపై వేడికి అల్యూమినియం ఆక్సైడ్ పొర ఏర్పడి రక్షణగా నిలుస్తుంది. కొలుముల్లో వాడే తీగ కనుక దీనికి ఓర్పు ఎక్కువ. నాలుగు పాళ్లు నికెల్, ఒక పాలు క్రోమియం ఉండే నైక్రోమ్ త్వరగా వేడెక్కుతుంది, పెళుసుబారడమూ త్వరగానే. నికెల్ సరిపడని చర్మం ఉన్నవారికి అసలే పనికిరాదు. 316 ఎల్ తరగతి స్టెయిన్‌లెస్ స్టీలును క్షణకాలం మించి ఎర్రబరచవద్దని అనుభవజ్ఞులే హెచ్చరిస్తారు. వేడి నియంత్రణ పద్ధతిలో వాడే శుద్ధ నికెల్, టైటానియం తీగలను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఎర్రగా కాల్చరాదు. టైటానియం అంత వేడిలో తెల్లని ఆక్సైడ్ పొడిగా రాలుతుంది. అది పోయే దారి పీల్చేవారి ఊపిరితిత్తుల్లోకే.

వేపింగ్‌ను సిగరెట్టుకు మేలైన ప్రత్యామ్నాయంగా భావించే వర్గాల్లో గ్రీసుకు చెందిన హృద్రోగ నిపుణుడు కాన్‌స్టాంటినోస్ ఫార్సలినోస్‌కు మంచి పేరుంది. ఆయనే 2015లో, తీగను ఎర్రగా కాల్చే పద్ధతి మానుకోవాలని సూచించారు. తమవాడనుకున్న పరిశోధకుడే ఇలా అనడంతో ఆ వర్గాల్లో పెద్ద దుమారం రేగింది. ఆ సూచనను లెక్కచేయనివారే నేటికీ ఎక్కువ.

కొత్తదానికొక దోషం.. పాతదానికొక దోషం

అయితే పాతదాన్ని పారేసి కొత్త తీగ వేస్తే సరిపోతుందా? అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 56 మంది వినియోగదారుల పరికరాలను పరీక్షించి 2018లో ఫలితాలు ప్రకటించారు. సీసాలో ఉన్న ద్రవంలో లోహాలు స్వల్పంగానే ఉన్నాయి. అదే ద్రవం కాయిల్‌ను తాకిన తరువాత, ఆవిరిలోను, ట్యాంకులో మిగిలిన దానిలోను సీసం, నికెల్, క్రోమియం, మాంగనీసు గణనీయంగా పెరిగాయి. లోహాలు వస్తున్నది తీగ, దాని అతుకుల వైపు నుంచేనని దీనితో స్పష్టమైంది. కాయిల్‌ను తరచుగా మార్చేవారి పరికరాల ఆవిరిలోనే లోహాలు ఎక్కువగా కనిపించాయన్నది ఈ అధ్యయనంలో గమనించవలసిన అంశం. కొత్త తీగ లోహాన్ని తేలిగ్గా వదులుతుందని దీనివల్ల అనుకోవలసి వస్తోంది.

అంటే మార్చకుంటే ఆల్డిహైడ్లు, మారిస్తే లోహాలు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. శుభ్రం చేసిన కాయిల్ 'ఆరోగ్యకరం' అని దుకాణదారు చెప్పినా, కొత్తది 'సురక్షితం' అని కంపెనీ చెప్పినా ఆ మాటలను నమ్మవలసిన పని లేదు. సిగరెట్టుతో పోల్చినప్పుడు హాని తక్కువన్నది బ్రిటన్ ఆరోగ్య యంత్రాంగం వైఖరి. సిగరెట్టు మానలేనివారి కోసం చెప్పిన మాట అది. ఏనాడూ పొగతాగని ఇరవై ఏళ్ల విద్యార్థికి వర్తించేది కాదు. మనవారిలో ఈ తేడా గుర్తించనివారే ఎక్కువన్నది కాదనలేని నిజం.

చవకబారు పారేసే పరికరాలు దీనికన్నా నయమేమీ కాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణ పరిశోధకులు 2025లో ప్రకటించిన అధ్యయనంలో కొన్ని పారేసే పరికరాల ఆవిరిలో సీసం, నికెల్, యాంటిమొనీ ప్రమాదకర స్థాయిలో బయటపడ్డాయి. ఒక రకం పరికరమైతే ఒక్క రోజు వాడకంలో దాదాపు 20 సిగరెట్టు పెట్టెలను మించిన సీసం విడుదల చేసింది.

లెక్క వేస్తే మిగిలేది ఎంత?

ఇక పొదుపు సంగతి. పది మీటర్ల కాంథాల్ తీగ చుట్ట బ్రిటన్‌లో కొద్ది పౌండ్లకే దొరుకుతుంది. ఒక సాదా కాయిల్‌కు పట్టేది పది, పన్నెండు సెంటీమీటర్లు. ఒక్క చుట్టతో ఎనభైకి పైగా కాయిళ్లు చుట్టుకోవచ్చు. అలాంటప్పుడు ఒక కాయిల్‌ను కాల్చి, తోమి, కడిగి మిగిల్చేది కొన్ని పెన్నీలే. మన లెక్కలో చాయ్ ఖర్చు కూడా కాదు.

సన్నని తీగలను పేని, వాటిపై మరింత సన్నని తీగను చుట్టి చేసే 'క్లాప్టన్' రకాలకు మాత్రం ధర, శ్రమ రెండూ ఎక్కువే. గిటారు తీగను పోలి ఉండటంతో వాద్యకారుడు ఎరిక్ క్లాప్టన్ పేరు దానికి స్థిరపడింది. వాటిని చుట్టినవారు పారేయడానికి మనసొప్పక కడిగి దాచుకోవడం సహజం. చిత్రమేమంటే, చుట్టు మధ్య చుట్టు ఉండే ఆ సందుల్లోనే మాడు లోతుగా దిగుతుంది, బ్రష్ చేరదు. అంటే దాచుకోవాలనిపించే తీగే అన్నిటికన్నా కష్టంగా శుభ్రపడేది.

చెత్త కోణంలో చూసినా తీగ పాత్ర నామమాత్రం. బ్రిటన్ నిషేధానికి కారణమైనది తీగ కాదు, బ్యాటరీ. పారేసే పరికరాలు వారానికి 50 లక్షల చొప్పున చెత్తబుట్టల పాలవుతున్నాయని మెటీరియల్ ఫోకస్ అనే సంస్థ 2023లో లెక్కగట్టింది. వాటిలో ఏడాదికి వృథా అయ్యే లిథియంతో 5 వేల విద్యుత్తు కార్లకు బ్యాటరీలు చేయవచ్చని అంచనా. చెత్త లారీల్లో, డంపింగ్ యార్డుల్లో నలిగిన బ్యాటరీల వల్ల ఏడాదిలో 1,200కు పైగా అగ్నిప్రమాదాలు జరిగినట్లు 2024లో వెల్లడైంది. తిరిగి వాడవలసినది ఏదన్న ప్రశ్నకు ఈ అంకెలే జవాబు. వందలసార్లు చార్జింగు తట్టుకునే బ్యాటరీని, లోహపు డొక్కును ఏళ్ల తరబడి వాడుకుని, తీగను, దూదిని ఎప్పటికప్పుడు మార్చడమే తెలివైన పని. కాయిల్‌ను కడగడం ఈ లెక్కలో అతి తక్కువ మిగిల్చి, అతి ఎక్కువ తంటా తెచ్చే పని.

చట్టం ఉద్దేశం కూడా ఇదే. ఆచరణలో జరుగుతున్నది వేరు. నిషేధం రాగానే కంపెనీలు పాత రూపంలోనే, పాత రంగుల్లోనే, అడుగున చార్జింగు రంధ్రం పెట్టి, విడదీయగల గొట్టం తగిలించి కొత్త సరుకు దించాయి. ధరలో పెద్ద తేడా లేదు. గొట్టం మార్చుకోవచ్చని తెలిసినా మొత్తంగా పారేసేవారికి అడ్డు చెప్పేదెవరు? 2026 అక్టోబరు 1 నుంచి ప్రతి 10 మిల్లీలీటర్ల ద్రవంపై 2.20 పౌండ్ల సుంకం విధించాలని బ్రిటన్ నిర్ణయించింది. సుంకం ద్రవంపైనే కానీ పరికరంపై కాదు కనుక పారేసే అలవాటుపై దాని ప్రభావం పరిమితమే కావచ్చు.

అమెరికాలో మరో రకం పరిణామం చోటుచేసుకుంది. 2016 ఆగస్టు 8న అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం, వినియోగదారుడి పరికరంలో మార్పులు చేసి ఇచ్చే దుకాణదారు తయారీదారుగా లెక్కకు వస్తాడు. అంతవరకు అనుభవమున్నవారు బల్లపై కూర్చుని కాయిల్ చుట్టి ఇచ్చిన దుకాణాలు వెనక్కి తగ్గాయి. పని ఆగలేదు, ఇళ్లకు చేరింది. భద్రత కోసం తెచ్చిన నిబంధన, కొలత పరికరం కూడా లేని చేతుల్లోకి ఆ పనిని నెట్టింది.

ఓమ్ సూత్రం మరిస్తే..

కాయిల్ శుభ్రం చేసేటప్పుడు అసలు ప్రమాదం మాడులో కాదు, కరెంటులో ఉంది. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో చదివిన ఓమ్ సూత్రమే ఇక్కడ ప్రాణాధారం. నిండుగా చార్జయిన 18650 రకం బ్యాటరీ వోల్టేజీ 4.2. తీగ నిరోధం 1 ఓమ్ అయితే ప్రవహించేది 4.2 ఆంపియర్లు. 0.5 ఓమ్ అయితే 8.4. 0.1 ఓమ్‌కు దిగితే 42 ఆంపియర్లు. మంచి బ్యాటరీ సైతం ఎడతెగకుండా ఇవ్వగలిగేది 20 నుంచి 30 ఆంపియర్లే. బ్రష్‌తో తోమేటప్పుడు తీగ చుట్లు ఒకదానికొకటి ఒరగవచ్చు, కాలు వంగి వేదికను తాకవచ్చు, మర వదులు కావచ్చు. కంటికి తేడా కనిపించదు. అందుకే కడిగిన ప్రతిసారీ మీటరుపై నిరోధం కొలిచిన తరువాతే వాడాలి. ఎలక్ట్రానిక్ రక్షణ ఉన్న పరికరం షార్టును గుర్తించి ఆగిపోతుంది. ఏ రక్షణా లేకుండా బ్యాటరీని నేరుగా తీగకు కలిపే 'మెకానికల్' గొట్టాలకు ఆ తెలివి లేదు.

ఇది ఊహాజనిత భయం కాదు. అమెరికాలో 2018 మేలో ఫ్లోరిడా రాష్ట్రం సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఒకరు, 2019 జనవరిలో టెక్సాస్ రాష్ట్రం ఫోర్ట్‌వర్త్‌లో మరొకరు వేపింగ్ పరికరాలు పేలి మరణించారు. బ్యాటరీ పైపొర చినిగినా, తాళంచెవులతో కలిపి జేబులో వేసుకున్నా ముప్పే. దూది తీయకుండా తీగను ఎర్రగా కాలిస్తే వత్తి మండుతుంది. ఈ పొరపాటు తరచు జరిగేదే.

ఆ సామాను ఇక్కడికి తేవద్దు

సెలవులకు ఇంటికి వచ్చే పిల్లల సామానులో ఇలాంటి పరికరం ఉంటే పరిస్థితి ఏమిటి? కేంద్రం 2019 సెప్టెంబరు 18న ఈ-సిగరెట్లపై నిషేధం ప్రకటించి, ఆర్డినెన్సు తెచ్చింది. అదే ఏడాది డిసెంబరులో పార్లమెంటు దానిని చట్టం చేసింది. తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, విక్రయం, పంపిణీ, ప్రకటన అన్నీ నేరాలే. తొలిసారి ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ పట్టుబడితే మూడేళ్ల వరకు జైలు, అయిదు లక్షల వరకు జరిమానా. నిల్వ ఉంచితే ఆరు నెలల వరకు జైలు లేదా 50 వేల వరకు జరిమానా, లేదా రెండూ.

వాడుకోవడాన్ని చట్టం విడిగా నేరంగా పేర్కొనలేదు కదా అన్నది తరచు వినిపించే వాదన. శంషాబాద్‌లో దిగే ప్రయాణికుడికి ఆ వాదన అక్కరకు రాదు. పెట్టెలో పెట్టుకుని సరిహద్దు దాటించడమే దిగుమతి. పరికరం పూర్తిగా ఉన్నా, అందులో ఏ భాగమైనా నిషేధం వర్తిస్తుందని చట్టం స్పష్టంగా చెబుతోంది. విప్పి, కడిగి, డబ్బాలో దాచిన వేదిక, కాయిళ్లు సైతం ఈ మాట పరిధిలోకి వస్తాయి. 'సొంతానికి ఒక్కటే' అనే మినహాయింపు ఏదీ అందులో లేదు. ఆస్ట్రేలియా నుంచి సింగపూర్ మీదుగా వచ్చేవారు మరింత జాగ్రత్తపడాలి. సింగపూర్‌లో 2018 నుంచి పరికరం దగ్గర ఉంచుకోవడమే నేరం. ఆస్ట్రేలియాలో 2024 జులై 1 నుంచి వీటిని మందుల దుకాణాల్లో తప్ప అమ్మరాదు.

బ్రిటన్‌లో వేపింగ్ సరుకు అమ్మే దుకాణదారులు పాత పరికరాలను తిరిగి తీసుకోవలసి ఉంది. ప్రయాణానికి ముందు అక్కడే అప్పగించి రావడం సులువు. తీయగల బ్యాటరీ అయితే దాని రెండు కొనలకు టేపు అంటించి, బ్యాటరీల సేకరణ పెట్టెలో విడిగా వేయాలి.